ముగ్గు చెరిగింది... చుక్కలు ఉన్నాయి

పొద్దున్నే ఆరున్నరకి ఫోను మోగిందంటే మంచి కబురు అయ్యుండదని మా ఇంట్లో ఒక నమ్మకం. ఆ రోజు మోగింది. తెనాలి నుంచి మామయ్య.

“ఒరేయ్, కంప్యూటర్ పోయిందిరా.”

“పోవడమంటే? ఆన్ అవ్వడం లేదా?”

“అవుతోంది. అయితే ఏం లాభం? తెరంతా పాడైపోయింది. ముగ్గు మీంచి గేదె నడిచెళ్లినట్టుంది. అడ్డంగా గీతలు... ఎక్కడి ముక్కలో ఎక్కడో ఉన్నాయి.” కాసేపాగి, గొంతు తగ్గించి అడిగాడు: “మీ అత్తయ్య పాటలు కూడా పోయినట్టేనా?”

అసలు భయం అదీ. మామయ్య రిటైరైన తెలుగు మాస్టారు. అత్తయ్యకి పెళ్లిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు, తిరగలి పాటలు... ఎన్నొచ్చో ఆవిడకే లెక్క తెలియదు. చివరి రెండేళ్లూ ఆవిడ మంచం మీద కూర్చుని పాడుతుంటే, ఈయన పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. రెండొందల పైచిలుకు పాటలు. కాగితం మీద ఎక్కడా లేవు. ఇప్పుడు మళ్లీ పాడించుకుందామంటే ఆవిడా లేదు.

నా భయం ఇంకోటి. ఆ కంప్యూటర్లో లినక్స్ వేసిన పెద్దమనిషిని నేనే! అది 2016లో కొన్న పెట్టె. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. పోనీ విండోస్ 11కి వెళదామంటే అది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్‌ని గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. బాగా నడుస్తున్న పెట్టెని పాత ఇనుపసామాన్ల వాడికి ఇవ్వడం ఎందుకని ఉబుంటు 24.04 వేసి ఇచ్చాను. ‘ఉచితం... వైరస్‌ల గొడవ తక్కువ... నీకిక దిగుల్లేదు మామయ్యా’ అని ఓ ఉపన్యాసం కూడా దంచాను. ఆ ఉపన్యాసం ఇప్పుడు ఫోన్లో నాకే వినిపిస్తోంది.

ముందురోజు సాయంత్రం తెర మీద ‘అప్‌డేట్లు ఉన్నాయి, వేసుకోమంటారా?’ అని కనిపిస్తే మామయ్య సరేనన్నాడు. రీస్టార్ట్ చేశాడు. అంతే... గేదె నడిచింది. వీధి చివర రిపేరు షాపు కుర్రాడు రాత్రే వచ్చి చూశాడట. డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ‘ఫార్మాట్ చేయాలి’ అంటోందట. “డిస్కూ పోయింది, బోర్డూ పోయింది. రేపు పదింటికి వచ్చి పెట్టె పట్టుకెళతా. బోర్డు మార్చి, ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి ఇస్తా” అని డిస్కు మళ్లీ బిగించి వెళ్లాడు.

“మామయ్యా, పదింటికి ఆ అబ్బాయొస్తే కాఫీ ఇచ్చి పంపించెయ్. పెట్టె మాత్రం ఇవ్వకు” అన్నాను.

ఆ కుర్రాడు మోసగాడని కాదు. తెలియక అన్నాడు. లినక్స్ తన ఫైళ్లని డిస్కు మీద దాచుకునే పద్ధతి వేరు. ఉబుంటు మామూలుగా వాడే పద్ధతి పేరు ఈఎక్స్‌టీ4. విండోస్‌కి ఆ పద్ధతి తెలియదు. తనకి అర్థం కాని డిస్కు కనబడితే కొన్నిసార్లు ‘దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అంటుంది. అంటే ‘ఈ భాష నాకు రాదు, మొత్తం చెరిపేసి నా భాషలో గీతలు కొట్టుకోనా?’ అని అడుగుతోందన్నమాట. సరేనన్నామా... తెర బాగుపడేది, పాటలు పోయేవి. ఈ కథలో నిజంగా ప్రమాదకరమైన క్షణం అదొక్కటే. మీ ఇంట్లో లినక్స్ ఉంటే, రిపేరుకి ఇచ్చేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘ఫార్మాట్ చేయవద్దు’ అని కాగితం అంటించినా తప్పులేదు.

మరి తెర పాడైతే ఫైళ్లు పాడవ్వలేదని అంత ధీమాగా ఎలా చెప్పాను?

అను ఫాంట్లలో కొట్టించిన పెళ్లిపత్రిక ఫైలుని ఎప్పుడైనా ఇంటి కంప్యూటర్లో తెరిచారా? ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే వరుడి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, చుక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని గుండె జారిపోతుంది. కానీ డీటీపీ సెంటర్లో అదే ఫైలు చక్కగా తెరుచుకుంటుంది. రాత రాతలాగే ఉంది, చదివేవాడికి చదవడం రాలేదు... అంతే తేడా. గ్రాఫిక్స్ డ్రైవర్ కథా ఇలాంటిదే.

మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు గుర్తుపెట్టుకోవడానికి నాలుగు బైట్లనుకుంటే, తెర నిండా ఒక బొమ్మకి దాదాపు 83 లక్షల బైట్లు. దాన్ని సెకనుకి అరవైసార్లు తెరకి పంపాలి. ఈ చాకిరీ చేసేది గ్రాఫిక్స్ చిప్పు. ఆ చిప్పుకి ఏం చెయ్యాలో, ఏ చుక్క జ్ఞాపకంలో ఎక్కడుందో దాని భాషలో చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ఒక చిక్కేమిటంటే, చిప్పులు చాలాసార్లు బొమ్మని పుస్తకంలో వాక్యాల్లా వరసగా దాచుకోవు. చిన్నచిన్న గడులుగా విడగొట్టి దాచుకుంటాయి. వేగం కోసం. ఆ గడుల లెక్క డ్రైవర్ ఒక్కచోట తప్పు చెప్పిందా, రంగులన్నీ సరిగ్గానే ఉంటాయి, చోటు మాత్రం మారిపోతుంది. మామయ్య చెప్పిన ‘ఎక్కడి ముక్కలో ఎక్కడో’ అదే. పాటలున్న డిస్కుకీ ఈ లెక్కకీ సంబంధమే లేదు.

ఇంతా చెప్పాక “అదంతా నాకెందుకురా, ముందు ఏం చెయ్యాలో చెప్పు” అన్నాడు మామయ్య. నిజమే.

మొదటి ప్రశ్న: పెట్టె ఆన్ చేయగానే కంపెనీ బొమ్మ వస్తుంది కదా, అది శుభ్రంగా ఉందా? ఉందన్నాడు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆ బొమ్మ వచ్చేసరికి లినక్స్ ఇంకా నిద్ర కూడా లేవదు. అప్పుడే గీతలుంటే కార్డునో, కేబుల్‌నో, మానిటర్‌నో అనుమానించాలి. కార్డు మీది మెమరీ పాడైతే తరచూ ఆ మొదటి బొమ్మలోనే, ఒకే పద్ధతిలో చుక్కలో గళ్లో కనిపిస్తాయి. కేబుల్ వదులైతే తెర మినుకుమినుకుమంటుంది, మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి, వైరు కదిపితే తీరు మారుతుంది. మామయ్య వైరు కదిపాడు. ఏమీ మారలేదు.

రెండో పని కాస్త సరదా అయింది. ఆ పాడైన తెర మీదే గుడ్డిగా ఎంటర్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, మళ్లీ ఎంటర్ నొక్కమన్నాను. అర నిమిషమాగి షిఫ్ట్, ప్రింట్‌స్క్రీన్ కలిపి నొక్కమన్నాను. “కెమెరా క్లిక్కుమన్నట్టు చప్పుడొచ్చిందిరా!” అన్నాడు మామయ్య. ముసుగు వెనకాల మనిషి బతికే ఉన్నాడన్నమాట. తెర ఫొటో ఒకటి డిస్కులో భద్రమైంది. దాని సంగతి తర్వాత చెబుతా.

మూడోది ముఖ్యమైంది. ఉబుంటులో అప్‌డేట్ వచ్చినప్పుడు కెర్నల్ అనే గుండెకాయ కూడా అప్పుడప్పుడూ మారుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్లు చాలావరకు ఆ కెర్నల్‌తోపాటే వస్తాయి. ఉబుంటు చేసే మంచి పనేమిటంటే, కొత్తది వేశాక పాతదాన్ని వెంటనే పారేయదు. పాత చీపురు కట్ట తలుపు వెనకాల ఉన్నట్టు ఒకటి ఉంచుతుంది. అక్కడికి వెళ్లాలంటే కంపెనీ బొమ్మ పోతుండగా ఎస్కేప్ మీట నొక్కాలి (మరీ పాత పెట్టెలైతే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి). ఒకటి రెండుసార్లు చాలు. మామయ్య కంగారులో పదకొండుసార్లు నొక్కాడు. అంతకంటే నల్లటి తెర ఒకటొచ్చి, ‘గ్రబ్’ అని రాసి, మౌనంగా నిలబడింది. “ఇదేంటిరా, ఇది ఇంకో భూతం!” భూతం కాదు. ఎస్కేప్ ఎక్కువైతే వచ్చే గది అది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే పెట్టె మళ్లీ మొదలవుతుంది.

రెండోసారి కుదిరింది. తెల్ల అక్షరాల జాబితా వచ్చింది. అందులో రెండో వరస ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’. దాని లోపలికెళితే కెర్నల్‌ల పేర్లు అంకెలతో సహా కనిపిస్తాయి. పైన ఉన్నది కొత్తది. దాని కింద ‘రికవరీ’ అని రాసి ఉన్నది వదిలేసి, అంకె తక్కువున్న పాతదాన్ని ఎంచుకోమన్నాను.

ఫోన్లో నిశ్శబ్దం. బండి వెళుతున్న చప్పుడు, ఎవరో పాలబ్బాయి కేక. తర్వాత మామయ్య గొంతు.

“వచ్చిందిరా. గోదావరి బొమ్మ వచ్చింది.” ఆయన డెస్క్‌టాప్ మీద రాజమండ్రి రేవు ఫొటో ఉంటుంది.

“పాటల ఫోల్డర్ తెరిచి చూడు.”

ఇంకా పెద్ద నిశ్శబ్దం. “ఉన్నాయి” అన్నాడు చివరికి. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించాను. తర్వాత నాకు మెయిల్ చేయించాను. రోగమేమిటో వెతకడం ఆ తర్వాతే. అదే కార్డు, అదే కేబుల్, అదే మానిటర్... కెర్నల్ ఒక్కటి మారితే తెర బాగుందంటే బోర్డు మార్చాల్సిన పని లేదని తేలిపోయింది. ఇందాక తీసిన ఫొటో ఇప్పుడు తెరవమన్నాను. చూస్తే అందులో గీతల్లేవు, ముక్కల్లేవు. గోదావరి నిండుగా ఉంది! అంటే లోపల బొమ్మ సరిగ్గానే తయారైంది, తెరకి పంపే దగ్గరే లెక్క తప్పింది. ఫొటోలో కూడా చెత్త కనబడి ఉంటే బొమ్మ గీసే దగ్గరే తేడా జరిగిందని అర్థం. ఈ ఒక్క పరీక్ష ఎంత తిప్పట తప్పిస్తుందో చెప్పలేను. ఫోన్ కెమెరాతో తెరని తీస్తే ఈ తేడా తెలియదు, లోపలి ఫొటోయే తీయాలి.

ఒకవేళ పాత కెర్నల్‌తోనూ తెర బాగుపడకపోతే? అప్పుడు చేతికర్ర ఒకటుంది. ఆ జాబితాలో మొదటి వరస మీద ఉండి ‘ఇ’ అక్షరం నొక్కితే కొన్ని వాక్యాలు కనిపిస్తాయి. అందులో ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వాక్యం చివర ఖాళీ ఇచ్చి నో, మోడ్, సెట్ అనే మూడు ఇంగ్లిషు మాటల్ని కలిపి ఒకే మాటగా చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎఫ్10 నొక్కాలి. ‘తెర సంగతి నువ్వు పెద్దగా పట్టించుకోకు, ఉన్నదాంతో సర్దుకో’ అని కెర్నల్‌కి చెప్పడం అది. బొమ్మ ముతకగా, నెమ్మదిగా ఉంటుంది, కానీ లోపలికెళ్లి ఫైళ్లు తెచ్చుకోవచ్చు. ఆ ఒక్కసారికే పనిచేస్తుంది కాబట్టి భయం లేదు. కొంతమంది దాన్నే శాశ్వతంగా పెట్టేసి ‘లినక్స్ స్లో’ అని తిడుతుంటారు. చేతికర్రతో పరుగుపందేనికి వెళ్లినట్టుంటుంది అది! ఉబుంటు ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ దాచుకుని ఉంటే అందులోనూ ‘సేఫ్ గ్రాఫిక్స్’ అనే వరస ఉంటుంది. పనిచేసేది అదే సూత్రం మీద.

శనివారం తెనాలి వెళ్లాను. పెట్టె మూత తీస్తే గుట్టు బయటపడింది. లోపల ఎన్‌విడియా జీటీ 710 కార్డు ఒకటుంది. మామయ్య మనవడు వేసవి సెలవుల్లో ఆటలాడుకోవడానికి ఎప్పుడో వేయించుకున్నాడట. వాడిప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాడు, కార్డు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఈ కార్డుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇంటెల్ తన గ్రాఫిక్స్ చిప్పులకి లినక్స్ డ్రైవర్లని తనే బాహాటంగా రాసిస్తుంది. ఏఎమ్‌డీ 2007 నుంచి తన చిప్పుల వివరాలు బయటపెట్టడం మొదలెట్టింది. ఎన్‌విడియా మాత్రం చాలాకాలం తన గుట్టు విప్పలేదు. డ్రైవర్ ఇస్తుంది, అది ఎలా పనిచేస్తుందో చెప్పదు. దాంతో కొందరు ఔత్సాహికులు కార్డుకి ఏ సందేశం పంపితే ఏం చేస్తుందో గమనిస్తూ, తాళంచెవి లేకుండా తాళం తీసినట్టు, సొంతంగా డ్రైవర్ రాశారు. దాని పేరు ‘నూవో’. ఫ్రెంచిలో కొత్త అని అర్థం. 2010లో వచ్చిన 2.6.33 కెర్నల్‌తో లినక్స్‌లో భాగమైంది. మామయ్య పెట్టెని నడుపుతున్నది ఆ డ్రైవరే. గుట్టు చెప్పని చిప్పుని వెనక నుంచి చదివి, ఇన్నేళ్లు ఇన్ని రకాల కార్డుల మీద నడిపించారంటే ఆ మనుషులకి దండం పెట్టాలి. అప్పుడప్పుడూ ఒక గడి తప్పిందంటే నాకు కోపం రాదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కి మాత్రం కోపం వచ్చింది, నూవో మీద కాదు, ఎన్‌విడియా మీద. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో ఎవరో అడిగితే, తాము చూసిన కంపెనీలన్నిట్లోనూ అదే ఘోరమని చెప్పి, కెమెరా వైపు వేలు చూపిస్తూ ఓ మాటన్నాడు. ఇంటిల్లిపాదీ చదివే పేజీ కాబట్టి ఆ మాట ఇక్కడ రాయను. పదేళ్లకి, 2022 మేలో, ఎన్‌విడియా తన డ్రైవర్‌లో కెర్నల్‌తో మాట్లాడే భాగాన్ని బయటపెట్టింది. అయితే అది కొత్త తరాల కార్డులకే. జీటీ 710 లాంటి ముసలి కార్డులకి ఆ భాగ్యం లేదు. వాటికి ఎన్‌విడియా సొంతంగా ఇచ్చే 470 వరస డ్రైవర్‌ని కూడా 2024 దాకానే చూసుకుంది.

నా ముందు మూడు దారులున్నాయి. పాత కెర్నల్‌తోనే ఎప్పటికీ నడపడం... అది భద్రతకి మంచిది కాదు, దిద్దుబాట్లు కొత్తదానికే వస్తాయి. కంపెనీ ఆపేసిన 470 డ్రైవర్ వేయడం... ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ మళ్లీ ఇదే భయం. మూడోది, అసలు మామయ్యకి కార్డెందుకు? పాటలు టైపు చేసుకుంటాడు, పేపరు చదువుతాడు, మనవడితో వీడియోలో మాట్లాడతాడు. ఆ ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంది, ఇన్నాళ్లూ పనిలేక ఖాళీగా కూర్చుంది.

ఊడదీసే ముందు, కొత్త కెర్నల్‌తో ఒకసారి పెట్టి, తెర పాడైనప్పుడు ఫోన్‌తో ఓ ఫొటో తీశాను. తర్వాత పాత కెర్నల్‌లోకి వచ్చి, టెర్మినల్‌లో ‘ఉబుంటు-బగ్ లినక్స్’ అనే ఆదేశంతో ఫిర్యాదు పంపాను. ఏ కెర్నల్‌తో బాగుంది, ఏ కెర్నల్‌తో చెడింది, కార్డు ఏది, ఫొటోలో ఎలా ఉంది, లోపలి ఫొటోలో ఎలా ఉంది... అన్నీ రాశాను. ‘నా స్క్రీన్ పనిచేయట్లేదు, సాయం చేయండి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ అంకె దగ్గర చెడిందో చెబితే, ఆ రెండు అంకెల మధ్య ఏం మార్చారో వాళ్లు వెతుక్కుంటారు.

తర్వాత ప్లగ్ పీకి, పెట్టె ఇనుప చట్రాన్ని ఓసారి చేత్తో ముట్టుకుని (ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పులకి శత్రువు), స్క్రూ విప్పి, కార్డు చివరున్న చిన్న కొక్కెం నొక్కి బయటికి లాగాను. పావువంతు ధూళి, ముప్పావు కార్డు. మానిటర్ వైరుని బోర్డుకే ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చి ఆన్ చేశాను. కొత్త కెర్నల్... గోదావరి బొమ్మ... ఒక్క గీత లేదు. పెట్టె మోత కూడా తగ్గింది, కార్డు మీద ఫ్యానుంది మరి.

ల్యాప్‌టాప్ వాళ్లకి కార్డు ఊడదీసే వీలుండదు కదా అంటారా? నిజమే. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో తెర వణికినట్టు ఉంటే ఎక్కువసార్లు దోషి ‘పీఎస్‌ఆర్’ అనే కరెంటు పొదుపు ఏర్పాటు. బొమ్మ మారనప్పుడు తెర తనే పాత బొమ్మ చూపించుకుంటుంది, అక్కడ పేచీ వస్తుంది. దాన్ని ఆపే వీలుంది. ఎన్‌విడియా ఉన్న ల్యాప్‌టాప్ నిద్ర లేవగానే అక్షరాలు మాయమై, బొమ్మలు చెదిరిపోతే అది వేరే జబ్బు. నిద్రలో కార్డు జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది, దాన్ని ముందుగా భద్రపరచమని డ్రైవర్‌కి విడిగా చెప్పాలి. ఇలాంటప్పుడు ఒకసారి లాగౌట్ చేసి మళ్లీ లోపలికొస్తే తెర బాగుపడటం గుర్తు. ఈ రెండింటి గురించీ వచ్చే వారాల్లో ఒకసారి వివరంగా మాట్లాడుకుందాం.

పదింటికి వచ్చిన షాపు కుర్రాడి సంగతి చెప్పనేలేదు కదూ. కాఫీ తాగి, తెర చూసి ఆశ్చర్యపోయి, పాత కెర్నల్ ఎలా ఎంచుకోవాలో మామయ్య చేత చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాడట. ఎస్కేప్ మీట రెండుసార్లే నొక్కాలని మామయ్య మరీ మరీ చెప్పాడట.

కార్డు నా బ్యాగులో హైదరాబాద్ వచ్చింది. ఫిర్యాదుకి జవాబిస్తూ ఒకాయన, మరో కెర్నల్‌తో పరీక్షించి చెప్పగలరా అని అడిగాడు. ఇంట్లో పాత పెట్టె ఒకటుంది, ఈ ఆదివారం కార్డు అందులో పెట్టి చూడాలి. మామయ్య మాత్రం పాటలన్నీ ప్రింటు తీయిస్తున్నాడు. రెండు కాపీలు.